మీకు తెలుసా? బియ్యం నిండుకున్నాయంటే డబ్బా ఖాళీ అని!

మన ఇళ్ళల్లో బియ్యం అయిపోతే ‘అయిపోయాయి’ అనరు, ‘నిండుకున్నాయి’ అంటారు. దీపం ఆరిపోతే ‘కొండెక్కింది’ అంటారు. గడప దాటేవాడు ‘వెళ్తున్నా’ అంటే పెద్దవాళ్ళు ఊరుకోరు, ‘ఎల్లొస్తాను’ అనాల్సిందే. అశుభం నోట పలకకూడదని మాటని తిరగేసి వాడే అలవాటు ఇది. చాలామంది పిల్లలు దీన్ని ఎవరూ కూర్చోబెట్టి నేర్పకుండానే పట్టేస్తారు. ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరికి మాత్రం మాట ఎలా ఉంటే అర్థం అలాగే. నిండుకున్నాయంటే డబ్బా నిండుగా ఉండాలి. ఎల్లొస్తానన్న మావయ్య తిరిగి రావాలి, అదీ ఇవాళే.

అలాగని ‘ఆటిజం పిల్లలకి జాతీయాలు బోధపడవు’ అని తీర్పు చెప్పెయ్యకండి. బ్రిటన్ పరిశోధకురాలు కోర్ట్నీ నార్బరీ 2004లో ప్రచురించిన పరిశోధనలో, జాతీయాలు అర్థమవుతాయా లేదా అన్నది ఆటిజం ఉందా లేదా అన్నదాని కంటే ఆ పిల్లవాడికి భాష ఎంత వచ్చన్న దాని మీదే ఎక్కువ ఆధారపడుతోందని తేలింది. మాటల నిల్వ పెరిగితే జాతీయమూ వస్తుంది. కాకపోతే మనం దాన్ని విప్పి చెప్పాలి. మామూలు పిల్లలకి అలా చెప్పే పని పడదు కాబట్టి, చెప్పాలన్న ఆలోచనే మనకి తట్టదు.

*

ఆటిజాన్ని వేరుగా గుర్తించి వైద్యలోకానికి చాటిన వ్యాసం 1943లో వచ్చింది. (సోవియట్ వైద్యురాలు గ్రున్యా సుఖరేవా ఇలాంటి పిల్లల గురించి 1925లోనే రాసింది గాని, పేరు దక్కలేదు.) ఆ 1943 వ్యాసం రాసింది లియో కానర్. అమెరికాలో బాల్టిమోర్ నగరంలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో పిల్లల మానసిక వైద్యుడు. 8 మంది మగపిల్లలు, 3 ఆడపిల్లలు, మొత్తం 11 మంది సంగతులు అందులో ఉన్నాయి. మొదటివాడు మిసిసిపీ రాష్ట్రానికి చెందిన డొనాల్డ్. కొడుకుని చూపించడానికి ముందే తండ్రి 33 పేజీల టైపు ఉత్తరం డాక్టరుకి పంపాడు. పిల్లవాడు ఏం తిన్నాడు, ఏం పాడాడు, ఏ మాట ఎప్పుడు అన్నాడు, అన్నీ. నా మటుకు నాకు, ఆటిజం చరిత్రలో కానర్ వ్యాసం ఎంత ముఖ్యమో ఆ ఉత్తరం అంత ముఖ్యం.

డొనాల్డ్‌కి ‘అవును’ అనే మాట ఎలా వచ్చిందో చూడండి. తండ్రి ఒకసారి ‘భుజాల మీద ఎక్కించుకోనా?’ అని అడిగాడు. పిల్లవాడు ఆ ప్రశ్నే తిరిగి అప్పజెప్పాడు. ‘ఎక్కాలని ఉంటే అవును అను, లేకపోతే కాదు అను’ అని తండ్రి నేర్పాడు. వాడు ‘అవును’ అన్నాడు, ఎక్కాడు. అయితే ఆ రోజు నుంచి వాడి నిఘంటువులో ‘అవును’ అంటే ‘నన్ను భుజాల మీద ఎక్కించుకో’ అనే. మాటకి ఉన్న అర్థాల్లో తొలిసారి కలిసొచ్చినదాన్నే గట్టిగా పట్టుకున్నాడు. ఆ మాట నాన్న భుజాల మీంచి దిగి మామూలు ‘అవును’ కావడానికి చాలాకాలం పట్టింది.

ఇలాంటి మాటల మీదే కానర్ 1946లో ఇంకో వ్యాసం రాశాడు. అందులోని ఉదాహరణలు ఒక్కొక్కటీ ఒక్కో పొడుపుకథ. ఒక పిల్లవాడికి రెండేళ్ళప్పుడు, తల్లి వంటింట్లో గుమ్మడికాయలు తినే పీటర్ మీదున్న పిల్లల పాట పాడుతుండగా చేతిలో గిన్నె జారి పడింది. ఆ తర్వాత గిన్నెలాంటిది ఏది కనబడినా ఆ పాటలోని మాటే పలికేవాడు. ఇంకో పిల్లవాడు ‘55’ గురించి ఎంతో ఇష్టంగా మాట్లాడేవాడు. ఏమిటా అని చూస్తే, 55 అంటే వాళ్ళ అమ్మమ్మో నాయనమ్మో, ఆవిడ వయసు 55. ఇంకొకడు, నాలుగేళ్ళు నిండనివాడు, ‘నిజమే చెప్తున్నావా?’ అని అడిగితే చాలు, తనని తాను ‘బ్లూమ్’ అని చెప్పుకునేవాడు. ఇంట్లో ఎవరికీ అంతుబట్టలేదు. చివరికి పిల్లవాడే పేపర్లో ఒక ఫర్నిచర్ కొట్టు ప్రకటన చూపించాడు. బ్లూమ్ నిజమే చెబుతాడని పెద్ద అక్షరాల్లో అచ్చయి ఉంది. అప్పటికే వాడికి చదవడం వచ్చు!

పిచ్చి వాగుడు అని కొట్టిపారేసిన మాటలకి పుట్టిన చోటూ పుట్టిన రోజూ ఉంటాయని కానర్ చూపించాడు. ఆ చోటు తెలిసినవాళ్ళకి అది పిచ్చి వాగుడు కాదు. తెలియనివాళ్ళకే అది అర్థంలేని మాట.

మన వైపు నుంచి ఒక సంగతి ఊహించి చెబుతాను. శ్రీకాకుళం తీరంలోని కళింగపట్నం పేరు రాష్ట్రమంతా వినేది ఎక్కువగా తుపాను వార్తల్లోనే. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుపాను తీరం దాటింది ఈ ఊరికి కాస్త ఉత్తరాన. ఆ రాత్రి కరెంటు లేని ఇంట్లో, గాలి హోరులో, ఫోన్‌లోని వార్తల్లో ‘కళింగపట్నం’ అనే మాటని ఒక పిల్లవాడు తొలిసారి చెవిన పెట్టాడనుకోండి. వాడికి ఆ మాట ఊరి పేరు కాకుండా చీకటి పేరు అయిపోవచ్చు. ఆ తర్వాత ఎప్పుడు కరెంటు పోయినా ‘కళింగపట్నం’ అంటాడు. ఇంటికొచ్చిన చుట్టం ‘గుంటడు ఊరి పేరెందుకు కలవరిస్తున్నాడు?’ అంటాడు. తల్లికి మాత్రం తెలుస్తుంది, వాడు దీపం పెట్టమంటున్నాడని.

*

పిల్లలు కొత్త మాట ఎలా నేర్చుకుంటారు? పెద్దవాళ్ళు పలికిన మాటని తమ చేతిలో ఉన్న వస్తువుకి అంటించేసుకుంటారని అనుకుంటాం. అదే నిజమైతే సగం మాటలు తప్పే నేర్చుకోవాలి. ఎందుకంటే తల్లి ‘అల్లదిగో తెప్ప’ అన్నప్పుడు పిల్లవాడు చేతిలోని గవ్వని చూస్తూ ఉండొచ్చు. ఏడాదిన్నర దాటిన పిల్లలు ఇక్కడొక పని చేస్తారు. మాట వినగానే తలెత్తి అమ్మ కళ్ళెటు చూస్తున్నాయో చూస్తారు. ఆ చూపు పోయిన చోటికి మాటని కలుపుకుంటారు. దీన్ని 1990ల మొదట్లో డేర్ బాల్డ్విన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ప్రయోగాలతో చూపించింది. 1997లో ఆవిడ సైమన్ బారన్-కోహెన్ అనే పరిశోధకుడితో కలిసి ఆటిజం ఉన్న పిల్లల మీద అదే ప్రయోగం చేసింది. పిల్లవాడు తన బొమ్మని చూస్తుండగా పెద్దమనిషి వేరే బొమ్మని చూస్తూ ఒక కొత్త పేరు పలుకుతాడు. ఆటిజం ఉన్న పిల్లల్లో చూపుని వెంబడించి సరైన బొమ్మకి పేరు పెట్టుకున్నవాళ్ళు కొద్దిమందే. మిగతావాళ్ళు తమ ఎదుట ఉన్నదానికే ఆ పేరు పెట్టుకున్నారు.

కళింగపట్నం ఒడ్డున తెప్పని చూపిస్తే గవ్వకి ‘తెప్ప’ అని పేరు పడే ప్రమాదం ఇదన్నమాట. స్పీచ్ థెరపిస్టులు దీనికి చెప్పే ఉపాయం చాలా తేలిక, ఎవరింట్లోనైనా కుదిరేది. పిల్లవాడిని మీ చూపు వెంట తిప్పుకోవడం కష్టమైతే మీరే వాడి చూపు వెంట వెళ్ళండి. వాడు గవ్వని చూస్తుంటే ‘గవ్వ’ అనండి. తెప్ప సంగతి వాడు తెప్పని చూసినప్పుడు.

*

బొమ్మల కార్డులతో మాటలు నేర్పడం ఇప్పుడు ఊరూరా ఉంది. 1985లో అమెరికాలోని డెలవేర్‌లో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ మొదలుపెట్టిన పద్ధతి మాట రాని పిల్లలకి బొమ్మ ఇచ్చి వస్తువు తీసుకోవడం నేర్పింది. ఎందరికో అదే తొలి గొంతు. కానీ ఇందులో ఒక మెలిక ఉంది. మెలిస్సా ప్రైస్లర్ అనే పరిశోధకురాలు, భాష బాగా వెనకబడిన ఆటిజం పిల్లలకి ఒక గీతల బొమ్మ చూపించి దాని పేరు నేర్పింది. అది మన కవ్వం లాంటి వంటింటి సామాను, వాళ్ళు అంతకుముందు ఎరగనిది. తర్వాత ఆ బొమ్మనీ అసలు వస్తువునీ పక్కపక్కన పెట్టి పేరు చెప్పి అడిగింది. రెండేళ్ళ మామూలు పిల్లలు అసలు వస్తువు వైపు చెయ్యి చాపుతారు. ఈ పిల్లల్లో చాలామంది బొమ్మనే తీశారు. 2008లో వచ్చిన పరిశోధన ఇది. వాళ్ళకి ఆ పేరు ఆ కాగితానిది.

పిల్లవాడు కార్డు చూసి ‘అరటిపండు’ అన్నాడని మురిసిపోయే ముందు, పండు చేతికిచ్చి అడిగి చూడడం మంచిది. గీతల బొమ్మ కన్నా రంగుల ఫొటో మేలని తర్వాతి పరిశోధనల్లో తేలింది. అన్నిటికన్నా మేలు పండు, ఫొటో ఒకే పూట చూపించడం.

*

రెండేళ్ళు వచ్చేసరికి పిల్లలు ఒక సూత్రం పట్టుకుంటారు. ఆకారం ఒకటైతే పేరు ఒకటి. రంగు వేరైనా, చెక్కదైనా, ప్లాస్టిక్‌దైనా గిన్నె గిన్నే. ఈ సూత్రం దొరికాక వాళ్ళ మాటలు ఒక్కసారిగా పెరుగుతాయి. అమెరికాలో కనెక్టికట్ విశ్వవిద్యాలయంలో లెటిషియా నేగల్స్ బృందం 2008లో చూసిందేమంటే, ఆటిజం ఉన్న పిల్లలు చాలా మాటలు వచ్చిన తర్వాత కూడా ఈ సూత్రాన్ని వాడుకోవడం లేదు. అంటే మాటలు చేరుతున్నాయి గాని ఒక్కొక్కటీ విడిగా, కష్టపడి.

ఆటిజం ఉన్న ప్రఖ్యాత పశుశాస్త్రవేత్త టెంపుల్ గ్రాండిన్ 1995లో తన పుస్తకంలో దీన్ని లోపలి నుంచి చెప్పింది. కుక్క అనే మాట వింటే ఆవిడకి ‘కుక్క’ అనే సాధారణ రూపం మనసులో రాదట. తాను ఎరిగిన కుక్కలు ఒకదాని వెనక ఒకటి కనబడతాయట.

ఇది మత్స్యకారుల ఇళ్ళల్లో మరీ ఆసక్తికరంగా ఉంటుంది. కవళ్ళు, నెత్తళ్ళు, వంజరం, చందువా, సొర, అన్నీ పేరు పేరునా గుర్తుపట్టే పిల్లవాడు ‘చేప ఏది?’ అంటే నిలబడిపోవచ్చు. వాడి వలలో విడి పేర్లే ఉన్నాయి. మనం ‘వీడికి చేప అంటేనే తెలీదు’ అని నిట్టూరుస్తాం, మనకి నెత్తళ్ళకీ కవళ్ళకీ తేడా తెలియకపోయినా! లైట్‌హౌస్ సంగతీ అంతే. రోజూ కళింగపట్నం లైట్‌హౌస్ చూసేవాడికి ఆ మాట ఆ ఒక్క కట్టడానికే సొంతపేరు కావచ్చు. విశాఖలో డాల్ఫిన్స్ నోస్ మీదున్నదాన్ని చూపించి ఇదీ లైట్‌హౌసే అంటే ఒప్పుకోకపోవచ్చు. రెండూ పక్కపక్కన ఫొటోల్లో పెట్టి, రాత్రి రెండూ ఏం చేస్తాయో చెప్పడమే దారి. ఆకారం కలపని చోట పని కలుపుతుంది.

*

‘నేను, నువ్వు, ఇక్కడ, అక్కడ, రేపు.’ ఈ మాటలకి నిలకడ లేదు. పలికేవాడు మారితే అర్థం మారిపోతుంది. శ్రీకాకుళం తీరం నుంచి ఎందరో గుజరాత్‌లోని వేరావల్‌కి వేటకి వలస పోతారు, నెలల తరబడి అక్కడే. వీడియో కాల్‌లో నాన్న ‘ఇక్కడ వాన పడుతోంది’ అంటాడు. పిల్లవాడు తలుపు తీసి చూస్తాడు, ఎండ. నాన్న ‘ఇక్కడ’ అన్నది మనకి ‘అక్కడ’. ఈ మార్పిడిని మామూలు పిల్లలు తెలియకుండానే చేసేస్తారు.

నేను బదులు నువ్వు అనడం ఆటిజంలో కానర్ కాలం నుంచీ గమనించినదే. ‘నీకు అంబలి కావాలా?’ అని అమ్మ అడిగిన మాటనే పిల్లవాడు తనకి ఆకలేసినప్పుడు యథాతథంగా అంటాడు. ‘నాకు కావాలి’ అని దాని అర్థం. అంబలి దొరికిన పూట వినబడిన వాక్యం అదే కాబట్టి అంబలి దొరకాలంటే ఆ వాక్యమే. ఇలా విన్నదాన్ని విన్నట్టు అనడాన్ని ఒకప్పుడు మాన్పించాల్సిన దురలవాటుగా చూసేవాళ్ళు. 1981లో బారీ ప్రిజాంట్, జుడిత్ డుకన్ అనే పరిశోధకులు దాన్ని శ్రద్ధగా గమనించి, అందులో అడగడం, ఒప్పుకోవడం, వంతుకి బదులివ్వడం లాంటి పనులు ఉన్నాయని చూపించాక చాలామంది థెరపిస్టుల దృష్టి మారింది.

తెలుగిళ్ళల్లో ఈ చిక్కు ఇంకాస్త ఎక్కువేనని నా అనుమానం. తల్లి కొడుకుని ‘నాన్నా, ఒక ముద్ద తినరా’ అని బతిమాలుతుంది. వెనకాల వచ్చిన అసలు నాన్నా నాన్నే. కూతురిని ‘అమ్మా’ అని పిలిచేది అమ్మే. తన గురించి తాను చెప్పుకునేటప్పుడు ‘నేను’ అనకుండా ‘అమ్మ ఇస్తుంది, ఆగు’ అంటుంది. క్రియ చివర ‘తింటాను, తింటావు’ అని తేడా ఉంది గనక ‘నేను, నువ్వు’ అనే మాటలు చాలాసార్లు వదిలేస్తాం కూడా. మాటలు నేర్చే పిల్లవాడికి ఆటిజం ఉందని తెలిస్తే కొన్నాళ్ళపాటు ఈ ముద్దుపిలుపులు తగ్గించి పేరుతో పిలవడంలో నష్టం లేదు.

*

ఇంగ్లీషు అక్షరాలు ఆటిజం పరిశోధకులకి ఒక చక్కని పరీక్ష ఇచ్చాయి. అక్కడ కొన్ని మాటలు ఒకేలా రాసి రెండు రకాలుగా చదవాలి. కన్నీటి బొట్టుకీ చింపడానికీ స్పెల్లింగు ఒకటే, ఉచ్చారణ వేరు. వాక్యం అర్థమైతేనే సరిగ్గా చదవగలరు. 1983లో యూటా ఫ్రిత్, మార్గరెట్ స్నోలింగ్ ఈ ఉపాయంతోనే, గడగడా చదివే ఆటిజం పిల్లలు కొందరు వాక్యం అర్థాన్ని వాడుకోవడం లేదని పట్టుకున్నారు. తెలుగులో ఈ పరీక్ష పెట్టలేం. రాసినట్టే చదువుతాం. కాబట్టి మన పిల్లవాడు నాలుగేళ్ళకే పేపరు తప్పుల్లేకుండా చదివేస్తే అర్థమయిందో లేదో ఆ చదువు చెప్పదు. చదివాక ‘ఎవరొచ్చారట?’ అని ఒక్క ప్రశ్న అడగాలి.

*

ఫోన్‌లో వచ్చే కార్టూన్ల ఇంగ్లీషు పట్టేసి, ఇంట్లో ఎవరికీ రాని ఆ భాషలోనే మాట్లాడే ఆటిజం పిల్లలు ప్రపంచంలో చాలా చోట్ల కనబడుతున్నారు. ట్యునీసియాలో దీనికో వింత రూపం. అక్కడ ఇంటి భాష ట్యునీసియా యాస, టీవీ కార్టూన్లలో వచ్చేది గ్రాంథికపు అరబ్బీ. కొందరు ఆటిజం పిల్లలు ఆ గ్రాంథికమే మాట్లాడుతున్నారని మిఖాయిల్ కిసీన్ అనే పరిశోధకుడి బృందం 2019లో రాసింది. ఇంట్లో ‘ఏటి సేత్తన్నావు’ అంటుంటే ‘ఏమి చేస్తున్నావు’ అనే పిల్లవాడు గారలోనో టెక్కలిలోనో కనిపిస్తే నేను ఆశ్చర్యపోను. ఎదుటిమనిషి ముఖం చూసి నేర్చుకునే దారి కష్టమైనప్పుడు, ఎన్నిసార్లైనా ఒకేలా చెప్పే తెర తేలికైన గురువు.

దీన్ని చూసి ‘వాడికి ఇంగ్లీషే నప్పుతుంది, ఇంట్లో తెలుగు మానేయండి’ అనే సలహా ఇచ్చేవాళ్ళున్నారు. అమెరికా, కెనడాల్లో వలస కుటుంబాలకి ఏళ్ళ తరబడి ఇదే చెప్పారు. 2012లో మాంట్రియల్‌లో చేసిన పరిశోధనలో, రెండు భాషలు వింటూ పెరిగిన ఆటిజం పిల్లలు ఒకే భాష వినేవాళ్ళ కంటే అదనంగా వెనకబడలేదని తేలింది. నాయనమ్మకి ఇంగ్లీషు రాని ఇంట్లో తెలుగు మానేస్తే ఆ పిల్లవాడితో మాట్లాడేవాళ్ళు ఎంతమంది మిగులుతారో లెక్కేసుకోండి.

*

మాట రాకపోతే అర్థమూ కాదని అనుకోవద్దు. నేగల్స్ బృందమే 2007లో, రెండు తెరల మీద రెండు దృశ్యాలు వేసి, ఒక వాక్యం వినిపించి, పిల్లల కళ్ళు ఎటు పోతాయో చూసింది. నోట చాలా తక్కువ మాటలున్న రెండేళ్ళ ఆటిజం పిల్లలు కూడా ఎవరు ఎవరిని తోశారో వాక్యంలోని మాటల వరుసని బట్టి గ్రహించారు. అమెరికాలోనే, నాలుగేళ్ళకి వాక్యాలు రాని 535 మంది పిల్లల్ని ఎనిమిదేళ్ళు దాటాక చూసిన పరిశోధన 2013లో వచ్చింది. 70 శాతం మందికి చిన్న చిన్న వాక్యాలు వచ్చాయి, 47 శాతం మంది ధారాళంగా మాట్లాడారు.

*

ఇక మన గడ్డ మీద తయారైన కొలమానం. ఆటిజాన్ని కొలవడానికి దేశమంతా వాడే ఐసా అనే పట్టిక సికింద్రాబాద్‌లోని జాతీయ మానసిక వికలాంగుల సంస్థలో రూపొంది 2009లో విడుదలైంది. ఆ సంస్థ ఇప్పటి పేరు ఎన్‌ఐఈపీఐడీ. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. 70 కంటే తక్కువైతే ఆటిజం లేనట్టు, 70 నుంచి 106 స్వల్పం, 107 నుంచి 153 మధ్యస్థం, ఆపైన తీవ్రం. ఇక్కడ మార్కులు ఎక్కువ వస్తే సంతోషించకూడదు!

వాటిలో 9 అంశాలు మాటకి సంబంధించినవి. వచ్చిన మాటలు పోవడం, విన్నది విన్నట్టు అనడం, నేను-నువ్వు తారుమారు కావడం, మాట వెనక అసలు ఉద్దేశం పట్టలేకపోవడం, ఇలా. పైన చెప్పుకున్నవాటిలో కొన్ని మీకు అందులో కనబడతాయి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి కాబట్టి సర్టిఫికెట్టుకి ఈ కొలత అవసరం.

పేరెట్టి పిలిస్తే పలకడం లేదని అనుమానం వచ్చినప్పుడు ముందు వినికిడి పరీక్ష చేయిస్తారు, చెవుడు కాదని తేలాకే మిగతావి. అంగన్వాడీకీ బడికీ వచ్చే ప్రభుత్వ బాల స్వాస్థ్య (పిల్లల ఆరోగ్య) బృందానికి చెబితే జిల్లా కేంద్రానికి పంపుతారు. ప్రత్యేక అవసరాలున్న బడి ఈడు పిల్లలకి మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. వెళ్ళేటప్పుడు ఒక నోట్‌బుక్కు పట్టుకెళ్ళండి. పిల్లవాడు పదే పదే అనే మాటలు, అవి అనే సందర్భం, మొదట ఎక్కడ విని ఉంటాడో మీకు తోచింది, ఒక్కో మాటకి ఒక్కో వరుస. డాక్టరు ముందు ఆ పూట పిల్లవాడు నోరు విప్పకపోయినా ఆ వరుసలు పనికొస్తాయి.